రాతల మడి

లాలాగూడ రైల్వే క్వార్టర్ల వెనక భద్రయ్యకు అరెకరం కూరగాయల తోట ఉంది. పదకొండేళ్లుగా ఆయనకు ఒకటే అలవాటు. తెల్లవారగానే ముఖం కడుక్కుని, కాగితం ముక్క మీద రెండు వాక్యాలు రాసి, బావి పక్క తోటకూర మడిలో పాతి నీళ్ళు పెడతాడు. కాకుల పంచాయితీ, పొరుగింటి అలక, ఏదైనా సరే. జ్వరమొచ్చినా మానలేదు. మూడో నాటికి ఆ వాక్యాలు మొక్కకొక మాట చొప్పున, లేత ఆకుల మీద ఎర్రటి ఈనెలతో వచ్చేవి. గల్లీలో ఆడవాళ్ళు చదువుకుని మరీ కూర వండేవారు. రాతలున్న కూర జెర చప్పగుంటదని, ఉప్పు కాస్త ఎక్కువేసేవారు.

ఆకులు తుంచుకోనిచ్చేవాడే గానీ, ఆ మడిలో మొక్క పీకనిచ్చేవాడు కాదు భద్రయ్య. "ఇరుకైతే ఏ మొక్క బలుస్తది? పలుచన చెయ్యనియ్యి" అని భార్య బాలమ్మ ఎన్నిసార్లు పోరినా, రాసిన మాట పీకడానికి ఆయనకు చేతులు వచ్చేవి కావు.

యూనియన్ మిలిటరీ సికింద్రాబాదులో దిగిన రెండో రోజు, దర్జీ నాగూర్ బాషా వెనక గోడ దూకి వచ్చాడు. బెదిరిస్తే రజాకార్లకు ఖాకీ అంగీలు కుట్టాడు. ఇప్పుడు గల్లీ వాళ్ళు కర్రలు పట్టుకుని అతని కోసం వెతుకుతున్నారు. ముందు నడిచేవాడు వర్క్‌షాపు ఫిట్టర్ సోమయ్య. అతని తమ్ముణ్ణి రజాకార్లు పొట్టన పెట్టుకున్నారు.

భద్రయ్య బాషాను ఎరువు కొట్టంలో దాచాడు. తెల్లారి ఎప్పటిలాగే రాశాడు, పాతాడు, నీళ్ళు పెట్టాడు. అన్నం ముందు కూర్చున్నాక ఏం రాశాడో గుర్తొచ్చి కంచం వదిలేసి లేచాడు. పరుగున వెళ్ళి తవ్వితే కాగితం అప్పటికే మట్టిలో కలిసిపోయింది.

"మడి మొత్తం పీకెయ్యి" అంది బాలమ్మ.

"ఎన్నడు ఖాళీ లేని మడి ఇప్పుడెందుకు ఖాళీ అయిందని అడుగరా?"

ఆ రెండు రోజులూ భద్రయ్యకు నిద్ర లేదు. గేటు చప్పుడైతే చాలు, మడి దగ్గరికి పరుగెత్తేవాడు. తన చేతిరాతే ఒక మనిషి ప్రాణం తీస్తుందేమోనని కుమిలిపోయాడు.

మూడో పొద్దున ఆకులు విచ్చుకున్నాయి. "నాగూర్ బాషా ఎరువు కొట్టంలో దాక్కున్నాడు. సోమయ్య బిడ్డకు ఆఖరి గౌను కుట్టిన చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి."

గల్లీ చివర కేకలు వినిపించాయి. భద్రయ్య వంగి, పదకొండేళ్లలో మొదటిసారి, రాసిన మాటలను వేళ్ళతో సహా పీకాడు. ఐదు మొక్కలు. బాలమ్మ వాటిని లాక్కుని మేక ముందు పడేసింది. ఆరో మొక్క మీద చెయ్యి వేసేలోపే గేటు తెరుచుకుంది.

మిగతావాళ్ళను బయట ఉంచి సోమయ్య ఒక్కడే లోపలికి వచ్చాడు. కర్ర బావి గట్టుకు ఆనించి మడి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక్కో ఆకూ వేలితో తిప్పి చదివాడు. "ఇప్పుడు" అన్న ఆకు దగ్గర ఆగాడు.

సోమయ్య కూతురు మశూచితో పోయిన రోజున గల్లీలో ఎవరూ గడప దాటలేదు. కొత్త గౌను తెచ్చి, ఆ పిల్లకు తొడిగింది ఒక్క దర్జీయే.

"ఏమన్న ఉన్నదా సోమన్నా?" బయటి నుంచి ఎవరో అరిచారు.

సోమయ్య కళ్ళ నుంచి ఆకుల మీద నీళ్ళు రాలాయి. తర్వాత ఆ రెండో వాక్యపు ఎనిమిది మొక్కలనూ ఒక్కొక్కటిగా, మాట తెగకుండా పెరికి, మట్టి దులిపి, కండువాలో మూటగట్టాడు.

"ఏం లేదు. ఉత్త కూరనే" అన్నాడు గట్టిగా. కర్ర అందుకుని, కొట్టం వైపు చూడకుండా గేటు దాకా నడిచి, గొంతు తగ్గించాడు.

"రేపు రాయకు భద్రన్నా. బయటున్నోళ్ళల్ల ఇద్దరికి చదువొస్తది."