పసుపు రాసిన రాగిరేకు

బొంబాయి కామాటిపుర పదకొండో గల్లీలో, వరసగదుల చాల్ కింది అంతస్తు ఖోలీలో, పోచయ్య నాలుగు నెలలుగా ఇనుప కడ్డీలు చెక్కే, తుప్పు పట్టిన ఒక లేత్ మిషన్‌తో కుస్తీ పడుతున్నాడు. మిషన్ లోపలికొచ్చింది, మంచం బయటికి పోయింది. ఫాక్‌లాండ్ రోడ్డు పాత ఇనుము అమ్మే భంగార్ దుకాణంలో అది కనబడ్డప్పుడు పట్టుబట్టి తెప్పించింది అక్క పెంటమ్మ.

"మీ బావ మిషన్‌రా ఇది. సాఫ్ చేసి తిప్పు. ఆయన అబద్ధమాడిండో లేదో నాకు తెల్వాలె" అంది.

బావ ఎల్లయ్య ఆ మిషన్ మీద టర్నర్. అదే కార్ఖానాలో పోచయ్య మిషన్లు విప్పి బిగించే ఫిట్టర్. ఇరవై ఎనిమిదేళ్ల కిందట, దసరా దాటగానే, ఎల్లయ్య చెక్కే కడ్డీలు ఒక చివర లావుగా, ఒక చివర సన్నగా రాసాగాయి. మిషన్‌లోనే ఖరాబుందని ఎల్లయ్య నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "నేనే బిగించిన సేఠ్, మంచిగనే ఉంది" అని చెప్పింది పోచయ్యే. తాగొచ్చి చెక్కుతున్నాడని సేఠ్ ఎల్లయ్యను వెళ్లగొట్టి, కొత్త మిషన్ తెచ్చుకుని, దీన్ని గోదాములో పడేశాడు. తాగుబోతన్న పేరు పడ్డవాణ్ని ఏ కార్ఖానా రానిస్తుంది? ఫోరస్ రోడ్డులో బస్తాలు మోశాడు. అప్పటిదాకా తాగనివాడు అప్పుడు తాగాడు, పోయాడు.

ఈ ఆదివారం పొద్దున, కడ్డీని పట్టి తిప్పే బరువైన పెట్టెను చైనుతో పైకెత్తి, అడుగున కిరసనాయిలుతో తుడుస్తుంటే పోచయ్య వేలికి ఏదో తగిలింది. కాగితమంత పలచటి రాగిరేకు. పసుపు మరక ఇంకా పోలేదు.

ఇళ్లు కట్టే పని చేసిన తాతలు దర్వాజ నిలబెడుతూ, శుభమని కింద పసుపు రాసిన రాగిరేకు పెట్టేవారు. ఆ దసరాకు మిషన్ విప్పి, కడిగి, మళ్లీ బిగిస్తూ, బావకు మంచి జరగాలని తానే దాన్ని కింద దూర్చాడు. దర్వాజకు చేసేది మిషన్‌కు చేశాడు, బుద్ధిలేనివాడు! ఆ రేకు మందాన పెట్టె పక్కకు వాలింది. కడ్డీలు వంకరపోయాయి.

రేకును జేబులో వేసుకుని, పెట్టెను సాఫుగా దించి బిగించాడు.

సాయంత్రం పెంటమ్మ మొగుడి ఫొటో పట్టుకొచ్చి, మిషన్ కనబడేటట్టు కిటికీలో నిలబెట్టింది. పోచయ్య కడ్డీ చెక్కి, రెండు చివరలా మందం కొలిచే మైక్రోమీటరు పెట్టి చూశాడు.

"రెండు దిక్కుల ఒక్క తీరే ఉందారా?"

"ఉందక్కా." వెంట్రుకవాసి తేడా లేదు.

పెంటమ్మ వెచ్చటి కడ్డీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "అంటే మిషన్ మంచిదే. ఆయన తాగలేదని ఈ చాల్ అంతటితోని కొట్లాడితి. నాతోని గూడ అబద్ధమాడిండు."

పోచయ్య చెయ్యి జేబు మీదికి పోయింది. చెబితే అక్క మళ్లీ తన మొహం చూడదు. తనకు ఉన్నది ఆమె ఒక్కతే.

"తాగినోని మాట అట్లనే ఉంటదక్కా" అన్నాడు.

పెంటమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని మెట్లెక్కి తన ఖోలీకి పోయింది. ఫొటో తీసుకుపోలేదు.