చేరడానికి ఆఖరి రోజు

ఇంట్లో ఆమెను పిచ్చుక అంటారు. గిన్నె కింద పడినా ఉలిక్కిపడే రకం. మాత్రలు ప్యాక్ చేసే కంపెనీలో చేరాక ఆ భయం ఇంకా ముదిరింది. అక్కడ ఎవరినైనా తీసేస్తే ముందుగా చెప్పరు. పొద్దున గేటు దగ్గర కార్డు పెడితే పచ్చ లైటు వెలగదు, అంతే. నాలుగేళ్ళుగా ఆమె రోజూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆ గేటు దాటుతోంది.

ఇప్పుడు నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. జీతం తక్కువే. సాయంత్రం ఐదులోపు చేరకపోతే జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. చేరాలంటే ఈ కంపెనీ తనను వదిలేసినట్టు కాగితం ఇవ్వాలి. దానికోసమే పదింటి నుంచి మేనేజరు గది బయట కూర్చుంది. మూడైంది.

ఫోన్లో అమ్మ, "ఇచ్చాడా?"

"ఇంకా పిలవలేదమ్మా."

"కాళ్ళైనా పట్టుకోవే! తల తర్వాత ఎత్తుకుందువుగాని."

మూడున్నరకి పిలిచాడు.

"జీతం పెంచుతానమ్మా. అక్కడికెళ్ళి ఈగలు తోలుకుంటావా? ఇక్కడ మనమంతా ఒకే కుటుంబం."

పిచ్చుకకు పోయిన నెల పక్క బల్ల అక్క గుర్తొచ్చింది. లైటు వెలగకపోతే కార్డుకు మురికి అంటిందనుకుని, కొంగుతో తుడిచి తుడిచి ఎనిమిదిసార్లు పెట్టి చూసింది పాపం.

"కుటుంబంలో వాళ్ళకి ఒక్క మాటైనా చెప్తారు కదండీ."

అనేశాక నాలుక కరుచుకుంది. నోటి దురుసుతో అంతా చెడగొట్టుకుందా?

మేనేజరు మొహం ముడుచుకుని కాగితం ముందుకు లాక్కున్నాడు. సంతకం గీకి, విసురుగా ముద్ర కొట్టి, ఆమె వైపు తోశాడు. "వెళ్ళు. మళ్ళీ ఈ ఛాయలకు రాకు."

బస్సు, ఆ తర్వాత పరుగు. నీటి ఆఫీసులో పెద్దగుమాస్తా కాగితాలు నింపాదిగా తిప్పుతున్నాడు. ఒకచోట వేలు ఆగింది.

"ముద్ర సగమే పడిందేమ్మా?"

ఆమె కాగితం మీదికి వంగింది. "సంతకం పూర్తిగా ఉంది సార్."

"ఊఁ. చదవగలిగితే చాలులే."

రిజిస్టరు ముందుకు జరిపాడు. ఆమె పెన్ను పట్టుకుని ఆగిపోయింది.

"సార్, ఇక్కడ మనిషిని తీసేయాలంటే ఎలా చెప్తారు?"

"చేరకముందే పోయే సంగతా! ముందు నోటీసు. దానికి నీ జవాబు. ఆ తర్వాత విచారణ. ఫైలు ఆరు బల్లలు దాటాలి. అంత ఓపిక ఇక్కడెవరికుంది తల్లీ? టైము రాయి."

నాలుగు యాభై రెండు అని రాసింది. అంకెలు వంకర్లు పోయాయి.

"కొట్టేసి మళ్ళీ రాయనా సార్?"

"ఎందుకూ? తెలుస్తోందిగా."