బొమ్మముడి

నేను ఒక తోలు కంటెను, మెడ నిండా పట్టే నగను. లాభనష్టాలు రెండూ చెబుతాను. సరుకులో లోపం దాచినవాడు మళ్లీ అదే సంతలో నిలవలేడు.

తోలుబొమ్మలు చేసే ఓబుళమ్మ మేకతోలుగా ఉన్న నన్ను నానబెట్టి, వెంట్రుకలు గీకి, వెలుగు దూరేంత పలచగా చేసింది. చెప్పుల తోలులా తంగేడు బెరడు నీళ్లలో ఊరబెట్టి పదును చేయలేదు. దానివల్ల అందం వచ్చింది, ఒక దుర్గుణమూ మిగిలింది. తడిస్తే సాగుతాను, ఆరితే ముడుచుకుంటాను. తెర మీది బొమ్మకు దాంతో నష్టం లేదు. కానీ ఆటలు చూసేవాళ్లు తగ్గారు కాబట్టి నన్ను మనిషి మెడకు తయారుచేసింది. నా మీద నెమలిని చెక్కి రంగులద్దింది.

అనంతపురం చేతిపనుల ప్రదర్శనలో నన్ను తన తమ్ముడి భార్య గంగరత్నకు తొడిగింది. జారకూడదని వెనక తోలుపట్టెను తడిపి, బిగలాగి ముడి వేసింది. బొమ్మల కాళ్లూ చేతులూ కట్టే ముడి అది. బొమ్మ ఊపిరి పీల్చదన్న సంగతి ఆ వేళ్లకు గుర్తురాలేదు.

దీపాల వేడికి నేను ఆరసాగాను.

"వదినా, గొంతు పట్టేస్తాంది."

"ఓర్చుకోమే. మా తమ్ముడు తాళి కట్టినప్పుడూ ఇట్లే అంటివి."

గంగరత్న నవ్వబోయింది. నవ్వు బయటికి రాలేదు. ఆమె మెడనరం నా అంచుకు కొట్టుకుంటోంది. వదులవుదామని ఎంత అనుకున్నా, ముడుచుకోవడమే నాకు చేతనైంది. ఆమె మోకాళ్ల మీద కూలితే, జనం అదీ ప్రదర్శనలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. కొనేవాళ్ల తెలివి గురించి ఇంతకంటే చెప్పను.

ఓబుళమ్మ ముడిని పంటితో పట్టి లాగింది. కదల్లేదు. ఉలి తీసింది. నరం పక్కనే ఉందని దించేసింది.

"నీళ్లు! నీళ్లు తేండి సామీ!"

ఎవరో బకెట్ అందించారు. అది పట్టుకుని, తడిస్తే రంగులు పోతాయని ఆమె ఒక్క క్షణం నెమలి వంక చూసింది. ఆ చూపు నేనొక్కదాన్నే చూశాను. ఆరుతున్నప్పుడు కూడా నేనంత భయపడలేదు.

కుమ్మరించింది. రంగులు గంగరత్న రవిక మీదికి కారాయి. తడి ఇంకేకొద్దీ పట్టె వేలు దూరేంత సాగింది. ఓబుళమ్మ ఉలి పెట్టి కోసేసింది. గంగరత్నకు మొదటి ఊపిరి ఈల వేసినట్టు వచ్చింది.

ఇప్పుడు నేను తుక్కు గంపలో ఉన్నాను. ఒక నెమలి పోయి ఒక ప్రాణం దక్కింది. బేరం మంచిదే.

నిన్న ఓబుళమ్మ ఇంకో కంటె చేసి, ముందువైపు కొక్కెం పెట్టింది. గంగరత్న దాన్ని ముట్టలేదు. ఓబుళమ్మే దాన్ని తడితడిగా మెడకు తగిలించుకుని ఎండలో కూర్చుంది.

"చాల్లే వదినా, తీసెయ్."

"ఉండుమే. ముందు నా గొంతు మీద ఆరనీ."