పట్టుకోని చెయ్యి

వినుకొండకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోని ఒక హైస్కూలు. 2003వ సంవత్సరం, మిరప కోతల కాలం. సాయంత్రం నాలుగున్నరకు డ్రిల్లు మాస్టారు సంజీవరావు గారు ఈల ఊదగానే ఏడుగురు అమ్మాయిలు చేతులు పట్టుకుని కబడ్డీ బరిలో గొలుసులా నిలబడేవారు. దూరం నుంచి చూసేవారికి ముచ్చటగానే ఉండేది. దగ్గరికి వెళితే ఆ గొలుసులో ఒకచోట చెయ్యికి చెయ్యి తగలడం లేదని తెలిసేది. కెప్టెన్ అఖిల పక్కనున్న జయకుమారి చెయ్యి పట్టుకోదు. ఆమె పొడుగు చేతుల చొక్కా అంచు పట్టుకుంటుంది.

"అదేంటే, అట్టా పట్టుకుంటావు?" అని జట్టులోని నజ్మీన్ ఒకరోజు అడిగింది.

"ఆదివారం మా చేలో కాయలు కోసింది. దాని చేతులు తగిలితే మంటే!"

"నేనూ కోతకొచ్చాగా. నా చెయ్యి పట్టుకున్నావుగా?"

అఖిల ముఖం తిప్పుకుంది. నజ్మీన్ మళ్లీ అడగలేదు.

జయకుమారిది ఎస్సీ కాలనీ. అఖిల నాయనమ్మ సుబ్బరావమ్మ మొదటి రోజే హెచ్చరించింది. "ఆడుకోవే తల్లీ, ఎవరొద్దన్నారు? ఆ కాలనీ పిల్లని ముట్టుకోకుండా ఆడు. ముట్టుకున్నావో, తలకి పోసుకునిగానీ వంటింట్లోకి రాబాక." ఆ వంటింట్లో ఏటా పెట్టే పచ్చడికి కాయలు కోసేది జయకుమారి తల్లి పుల్లమ్మే. ఈ సంగతి అఖిలకు ఎన్నడూ తోచలేదు.

జిల్లా పోటీల్లో జట్టు ఫైనల్ దాకా వెళ్లింది. ఫైనల్ గుంటూరులో. నాయనమ్మ అక్కడ లేదు, చూసే బంధువులూ లేరు. అయినా అఖిల చెయ్యి అలవాటుగా చొక్కా అంచునే వెతుక్కుంది.

ఆఖరి నిమిషం. అఖిల జట్టుకు ఒక్క పాయింటు ఆధిక్యం. ఎదుటి జట్టులోని పొడుగాటి అమ్మాయి కూతకు వచ్చి మూలకు చిక్కింది. జయకుమారి వంగి ఆమె మడమ పట్టేసింది.

"లాగవే అఖిలా!" అని అరిచింది.

అఖిల లాగింది. చొక్కా పర్రున భుజం దాకా చిరిగింది. గుడ్డపేలిక అఖిల పిడికిట్లో మిగిలింది. తూలిపడిన జయకుమారి పట్టు జారింది. ఆ అమ్మాయి అఖిలను కూడా తాకి గీత దాటేసింది. రెండు పాయింట్లు పోయాయి. ఆటా పోయింది.

జయకుమారి చిరిగిన భుజాన్ని రెండో చేత్తో కప్పుకుని నిలబడింది.

తిరుగు బస్సులో ఎవరో అన్నారు. "కాలు దొరికి కూడా వదిలేసింది. జయ వల్లే పోయిందే." ముందు సీట్లో కూర్చున్న జయకుమారి వెనక్కి తిరగలేదు. అఖిల కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. వినుకొండ వచ్చేదాకా ఆ మాట ఆమె నోట రాలేదు.

సోమవారం మాస్టారు మిగిలిన పిల్లల్ని పిలిచారు. "జయకుమారి ఇక ఆడనంది. ఎందుకో తెలుసా?"

"పట్టు వదిలేసిందిగా సార్, సిగ్గేసుంటది," అంది ఒకమ్మాయి.

అఖిల ముఖం కందిపోయింది. "సిగ్గుపడాల్సింది అది కాదు సార్, నేను. దాని చెయ్యి పట్టుకోలేదు. ఎప్పుడూ పట్టుకోలేదు. అందరూ దాన్ని అంటుంటే నోరు మూసుకుని కూర్చున్నా." ఆపై ఏడ్చేసింది.

సంజీవరావు గారు తలదించుకున్నారు. "ఆ తప్పులో నాకూ పాలుందమ్మా. మొదటి రోజే చూశాను. నిన్ను మందలిస్తే మీ నాన్న చెంచురామయ్య గారు మానిపిస్తారని, కప్పు పోతుందని భయపడ్డాను. ఆ పిల్లయితే ఓర్చుకుంటుందిలే అనుకున్నాను. పిల్లలకు ఆట నేర్పాల్సినవాణ్ణి, మీకు నేను నేర్పింది చూసి కూడా ఊరుకోవడం."

అందరూ కలిసి కాలనీకి వెళ్లారు. పుల్లమ్మ కంగారుగా మంచం వాల్చింది. ఎవరూ కూర్చోలేదు. అఖిల చెప్పిందంతా జయకుమారి నిలబడే విన్నది.

"నువ్వు చొక్కా పట్టుకుంటున్నావని నాకు మొదటి రోజే తెలుసు."

"మరి చెప్పలేదేమే?"

"చెప్తే టీములోంచి తీసేది నిన్నా, నన్నా?"



జయకుమారి ఆరోజు రానన్నది. పది రోజుల తర్వాత తనంతట తానే మైదానానికి వచ్చింది. "నీకోసం రాలేదు. నాకు ఆటంటే ఇష్టం," అని అఖిలతో అని, వెళ్లి తన చోట నిలబడింది. అఖిల చెయ్యి చాచింది. కాసేపటికి గానీ జయకుమారి ఆ చెయ్యి అందుకోలేదు. ఆ సాయంత్రం అఖిల ఇంటికి వెళ్లి జయకుమారి చెయ్యి పట్టుకున్నానని దాచకుండా చెప్పింది. సుబ్బరావమ్మ నెల రోజులు మనవరాలితో మాట్లాడలేదు. ముట్టుకున్నందుకని అఖిల తలస్నానమూ చెయ్యలేదు, ఆటా మానలేదు.

ఆ ఏడు మళ్లీ పోటీలు జరగలేదు. వేసవికి పదో తరగతి అయిపోయి ఆ జట్టు విడిపోయింది. పోయిన కప్పును ఎవరూ తెచ్చివ్వలేరు. సాటి మనిషి చెయ్యి అందుకోవడానికి వెనకాడినందుకు మనం సిగ్గుపడాలి. అది కళ్లారా చూసి కూడా ఊరుకున్నందుకు అంతకంటే ఎక్కువ సిగ్గుపడాలి.