సబ్‌టైటిల్ లేని మేక

ముందే ఒక నిజం ఒప్పేసుకుంటా. నేను అవార్డు వస్తాదని చెప్పిన సినిమాకి ఇంతవరకు అవార్డు రాలేదు. ఒక్కటంటే ఒక్కదానికి గూడా.

జనవరి పుట్టిందంటే ప్రపంచంలో యాడ ఏ అవార్డు ఇస్తా ఉండారో నాకు తెలియాల. చెన్నై పక్క మణవాళనగర్ నుంచి అంబత్తూరు ఆఫీసుకు రైల్లో వేలాడుకుంటా పోతానే, ఎవురికి వస్తాది, ఎవురికి రాదు అని మా సినిమా గ్రూపులో వాయిస్ పెడతా. వాయిస్ ఏంటికంటే, తెలుగు మాట్లాడేది బాగా వస్తాది, చదివేది కూడబలుక్కోని వస్తాది, రాసేది నా తరపున ఫోనే రాస్తాది. బళ్లో చదివింది తమిళం గదా. నేను ఏ డైరెక్టరు పేరు చెప్తే ఆయప్ప ఉత్తచేతుల్తో ఇంటికి పోవాల్సిందే. ఇంతకీ ఆఫీసులో నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు ముందే కనిపెట్టేది. నవ్వుకోండి, పరవాలే.

అందుకే మా వదిన కోకిల తన షార్ట్ ఫిల్మ్‌ని పోటీకి పంపినప్పుడు మొదట చేసిన పని నాకు ఫోన్ చేయడం.

"మే మధూ, నీకు దండం పెడతా. నా సినిమాకి ప్రైజు వస్తాదని మాత్రం అనొద్దు మే."

"మరి ఏం చెప్పేది?"

"రాదని చెప్పు."

"రాదు."

"ఇంకొంచెం నమ్మకంగా చెప్పు."

కోకిల మా మామ ఆదికేశవులు కూతురు. ఊరు అత్తిమంజేరిపేట, ఆంధ్రా బార్డరుకు తమిళనాడు పక్క. నాకంటే ఆరు నెలలు పెద్దది కాబట్టి వదిన. చిన్నప్పటి నుంచి ఇద్దరికీ ఒకటే పిచ్చి. తిరుత్తణి థియేటర్లో తెలుగు సినిమా పడితే అది తమిళంలో మాట్లాడతాది. మా అవ్వ అలిమేలమ్మకు అది నచ్చదు. "నోరు ఒకటి చెప్తాది, చెవికి ఇంకొకటి వినపడతాది. ఇదేం దయ్యం పట్టిన సినిమా?" అని మమ్మల్ని బస్సెక్కించి నగరికి తీసకపొయ్యేది. బార్డరు దాటినాకే హీరో నోరు, మాట కలిసేది.

అట్ల చూసి చూసి మేం ఇద్దరం వకుళ అనే డైరెక్టరుకి దాసోహం అయిపోయినాం. తీసింది రెండే సినిమాలు. మిగతా డైరెక్టర్లు హీరోయిన్ ఏడిస్తే వాన కురిపిస్తారు, వాన చాలకుంటే వయొలిన్ వాయిస్తారు. వకుళ సినిమాలో మనిషి ఏడస్తానే అంట్లు తోముతాది. గిన్నెకు అంటిన మాడు పోయినాకే ఏడుపు నిలిపేస్తాది. ఇంకొకరు పోస్టరు వచ్చే తేదీ చెప్పేదానికి ఒక పోస్టరు, ఆ పోస్టరుకు ఒక పాట వదల్తారు. ఈయమ్మ మూడో సినిమా గురించి ఒక్క ముక్కే చెప్పింది: కథ మా బార్డరు పక్క జరుగుతాది, ఎండాకాలంలో షూటింగ్. అది విన్న రోజు మేం ఇద్దరం ఫోన్లో మాటల్లేకుండా ఊరికే కేకలు పెట్టుకున్నాం.

ఇప్పుడు అసలు సంగతి. తిరుపతిలో ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్లు తెలుగు షార్ట్ ఫిల్మ్ పోటీ పెట్టినారు. పెద్ద జడ్జి వకుళ. గెలిచినోళ్లు ఆమె కొత్త సినిమాకి అసిస్టెంటు.

మా మామ మంచోడే. కానీ చుట్టూ తిప్పి మాట్లాడడు. "కోకిలా, ఇదొకటి చూసుకో. వస్తే సంతోషంగా పో. రాలేదంటే చెన్నై అవతల ఒరగడంలో కంపెనీ ఉద్యోగానికి పిలస్తా ఉండాది, పొయ్యి చేరు. మళ్లీ కెమెరా గిమెరా అనకూడదు" అన్నాడు. కోకిల సరే అనేసింది. అది సరే అంటే సరేనే, మాట మార్చే రకం కాదు.

సినిమా పేరు 'ఆ పక్క మేత'. మా అవ్వే హీరోయిన్. ఒక ముసలామె మేక దినామూ బార్డరు దాటి ఆంధ్రా పక్క చేలో మేసేదానికి పోతాది. ముసలామె తిట్టుకుంటా పొయ్యి తోలుకొస్తాది. చివర్న ఒకరోజు మేక ఇంట్లోనే ఉంటాది, ఆమె మాత్రం అలవాటుగా ఆ పక్కకు పోతాది. అంతే కథ. మొదటిసారి చూసినాక, మళ్లీ మొదట్నుంచి పెట్టుకోని చూసినా.

పోటీలో ఒక రూల్ ఉండాది. తెలుగు కాని మాట ఏదైనా వస్తే కింద సబ్‌టైటిల్ వేయాల. "నువ్వు టెస్టర్ గదా, నువ్వు చూడు" అని ఆ పని కోకిల నాకు ఇచ్చింది. నేనూ తనూ పక్కపక్కన కూర్చోని చూసినాం. బస్సు కండక్టరు మాట తమిళం, వేసినాం. రేషన్ షాపు ఆయన మాట తమిళం, వేసినాం. ఇంకేముంది? ఇంకేమీ లేదు. మిగతాదంతా మా ఇంటి మాటే. అనుమానం వచ్చి అవ్వను గూడా కూర్చోబెట్టి చూపించినాం. "అంతా మన మాటే గదమ్మా" అనింది. పంపించేసినాం.

తిరుపతికి మేం ముగ్గురం పోయినాం. మామ రాలేదు. హాలు బాగా నిండింది. అవ్వ తెర మీద కనపడతానే మేకను తిట్టడం మొదలుపెట్టింది. నగరి, పుత్తూరు, సత్యవేడు లాంటి బార్డరు ఊర్ల నుంచి వచ్చినోళ్లు విరగబడి నవ్వినారు. ముందు వరసలో జడ్జీలు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటా ఉండారు. వకుళ పక్కాయన చెవిలో ఏమో అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపినాడు. ఆఫీసులో, సాఫ్ట్‌వేర్ రిలీజ్ అయిపోయినాక తప్పు కనపడినప్పుడు మావాళ్లు మొహాలు చూసుకునేది గూడా అట్లే.

సినిమా అయినాక వకుళ మైకు తీసుకోని అడిగింది. "ఆ పెద్దావిడ మేకతో ఏ భాషలో మాట్లాడుతున్నారమ్మా?"

కోకిల లేచి నిలబడింది. "తెలుగే గదా మేడమ్."

హాలంతా నవ్వినారు. కోకిల నా పక్క చూసింది. నేను తెర పక్క చూసినా. అప్పుడు వినపడింది నాకు. సినిమా అయిపోయినాక! అవ్వ మనుషుల్తో తెలుగు మాట్లాడతాది. మేకతో మాట్లాడింది, మేకను తిట్టింది, మేకను బుజ్జగించింది అంతా తమిళం. సగం సినిమా.

అవ్వ కుర్చీలో నుంచి లేవకుండానే గట్టిగా చెప్పింది. "అది అరక్కోణం సంతలో కొన్న మేక తల్లీ. దానికి తెలుగు ఎట్ల వస్తాది?"

ఈసారి వకుళ గూడా నవ్వింది. కానీ నవ్వు నవ్వే, రూల్ రూలే. సబ్‌టైటిల్ లేని మాటలు ఎక్కువ కాబట్టి పోటీలో లెక్కలోకి తీసుకోలేదని సాయంత్రం చెప్పినారు. ప్రైజు కడప అబ్బాయికి వచ్చింది. చూసినా అతని సినిమా. బాగుండాది. తిట్టుకునేదానికి గూడా వీల్లేకుండా బాగుండాది.

బయట టీ అంగడి దగ్గర కోకిల గ్లాసు పట్టుకోని తాగకుండా నిలబడింది.

"తప్పు నాది వదినా" అన్నా.

"నేనూ చూసినా గదా మే. ఇద్దరి చెవులూ ఒకటే." టీ గ్లాసు బెంచీ మీద పెట్టేసి, "ఒరగడానికి బస్సు యాడ ఎక్కాల?" అని అడిగింది.

నేను ఫోన్ తీసి బస్సులు వెతికేది మొదలుపెట్టినా. అంతలో వెనక నుంచి ఎవురో "మేక అమ్మాయీ" అని పిలిచినారు. వకుళ. ఒంటరిగా, చేతిలో చెప్పులు పట్టుకోని, కాలికి ఏదో గుచ్చుకుందని కుంటుకుంటా వచ్చింది. నేను జన్మలో మొదటిసారి డైరెక్టరును దగ్గరగా చూసినా. నోట్లో నుంచి వచ్చిన మొదటి మాట, "బ్యాండ్-ఎయిడ్ ఉండాది మేడమ్." ఇచ్చినా గూడా.

ఆమె బెంచీ మీద కూర్చోని కాలికి అతికించుకుంటానే చెప్పింది. "రూల్ సరైందే, నేను మార్చను. ఆ ఉద్యోగం ఆ అబ్బాయిది. కానీ నా కొత్త సినిమాలో మీలాంటి కుటుంబం ఉంది. నా రైటర్లు ఒక లైను తెలుగు, ఒక లైను తమిళం రాసుకొస్తున్నారు, చీరకి అంచు కుట్టినట్టు. మీ సినిమాలో ఆ కుట్టు నాకు కనపడలేదు. మీకూ కనపడలేదు చూడండి, అదీ విషయం. మొత్తం సబ్‌టైటిల్స్ వేసి నాకు పంపండి. అర్థమయ్యాక కూడా నచ్చితే డైలాగుల పనికి పిలుస్తాను. నచ్చకపోతే పిలవను. మాట ఇవ్వట్లేదు."

"మేక డేట్లు గూడా కావాలంటే ముందే చెప్పండి" అనింది అవ్వ.

ఇంటికొచ్చినాక మళ్లీ అదే కష్టం. మా చెవులకు తెలీదే! అప్పుడు మా ఆఫీసు ప్రియంక గుర్తొచ్చింది. గుంటూరు నుంచి కొత్తగా చేరింది. తమిళంలో నీళ్లను 'తణ్ణి' అంటారనేది ఒక్కటే వస్తాది. ఆదివారం అత్తిమంజేరిపేటకు తీసకపొయ్యి, అవ్వ చేత నాటుకోడి చేయించి, టీవీ ముందర కూర్చోబెట్టినాం.

"అర్థం కాకపోతే చెయ్యి ఎత్తు" అన్నా.

మొదటి నిమిషంలో ఎత్తిన చెయ్యి దించనేలేదు పాపం. కొన్నిచోట్ల కోకిల కొట్లాటకు దిగింది. "ఇది తెలుగే!"

"మీకు తెలుగేమోనండీ, నాకు కాదు" అనింది ప్రియంక.

మామ వాకిట్లో కూర్చోని వింటా ఉన్నాడు. కొంచేపటికి లోపలికి వచ్చి, గోడకు ఆనుకోని నిలబడి, ప్రియంక చెయ్యి ఎత్తిన ప్రతిసారీ తనే అర్థం చెప్పేది మొదలుపెట్టినాడు. "మా అమ్మ ఇక్కడ ఏమంటాదంటే..." అంటా. మొత్తం సినిమా అప్పుడే చూసినాడు ఆయన. చివర్న మేక ఇంట్లో ఉండి అవ్వ ఆ పక్కకు పోయినప్పుడు ప్రియంక చెయ్యి ఎత్తలేదు. అక్కడ మాటలే లేవు. మామ తుండుగుడ్డతో మొహం తుడుచుకోని పెరట్లోకి పోయినాడు. పొయ్యేటప్పుడు, "కంపెనీ వాళ్లకు ఇప్పుడే కాదు, వచ్చే నెల చేరతాదని చెప్తాలే" అనేసి పోయినాడు.

సినిమా పంపి వారమైంది. వకుళ చూసినట్లు మాత్రం ఫిల్మ్ సొసైటీ వాళ్ల ద్వారా తెలిసింది. ఇంకా ఫోన్ రాలేదు. కోకిల దినామూ నాకు చేస్తా ఉండాది.

"మే మధూ, పిలస్తాదంటావా?"

"ఛాన్సే లేదు వదినా. పిలవదు."

"ఇంకొంచెం నమ్మకంగా చెప్పు."

ఫోన్లో కోకిల వెనక నుంచి అవ్వ అరుస్తాది, "నోరు మూసుకోమను దాన్ని!" అని. ఫోన్ పెట్టేసేలోగా మేక గూడా ఏదో అంటాది. తమిళంలోనే అయ్యుంటాది.

సరే, నా కథ అయింది. మీ ఇంట్లో గూడా ఇట్లాంటి మాటలు ఉండే ఉంటాయి, మీ చెవికి మామూలుగా ఉండి బయటోళ్లు చెయ్యి ఎత్తేటివి. మీ అవ్వ మేకతోనో, కుక్కతోనో, దేవుడితోనో ఏ భాషలో మాట్లాడతాది? మీరు బార్డరు దాటి చూసిన మొదటి సినిమా ఏది? రాయండి. రాసేది రాకుంటే నా మాదిరి వాయిస్ పెట్టండి.

ఒక్కరు గూడా పెట్టరు. నా అంచనా ఇది.