పన్నెండు రోజులవాడి పేరు

"పేరు సంగతి మగోళ్ళం మేం జూసుకుంటాంలే, నువ్వు గుడ్డలు పిండు" అన్నాడు పెంచలయ్య, గడప మీద కూర్చుని చెప్పులు వేసుకుంటూ.

గుడ్డలు ఎలాగూ పిండుతూనే ఉంది వెంకటేశ్వరి. కువైట్ నగరం పక్క ఖైతాన్‌లోని ఆ ఒంటిగది ఇంటికి రోజుకు ఒక్క గంట నీళ్ళొస్తున్నాయి. బిడ్డ గుడ్డలు, అతని చొక్కాలు, తాగే నీళ్ళు పట్టుకోవడం, అన్నీ ఆ గంటలోనే కావాలి. కాన్పయి పన్నెండు రోజులు. పచ్చి బాలింత చన్నీళ్ళలో చేతులు పెట్టకూడదని ఊళ్ళో పదిమందికి బుద్ధి చెప్పే మనిషి ఆమె అత్త. ఆ పదిమందిలో కోడలు ఏనాడూ లేదు.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి రెండు నెలలు కావస్తోంది. మనవాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళ పేర్లు వీధి చివర మూతపడిన బడిలో నూర్ బాషా రాసుకుంటున్నాడు. ఆయనది రాయచోటి, అరబ్బీ, ఇంగ్లీషు రెండూ రాయగలడు. బస్సు బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ పోతుంది, అక్కణ్ణుంచి విమానం. దారి పొడుగునా సైనికులు బస్సాపి కాగితాలు చూస్తారు. పెద్దవాళ్ళిద్దరికీ పాస్‌పోర్టులున్నాయి. బిడ్డకు మాత్రం నూర్ బాషా రాసిచ్చే కాగితమే దిక్కు. రేపటి బస్సులో చోటుంది కాబట్టి పేరు ఈరోజే రాయించాలి.

ఆ పాస్‌పోర్టులైనా ఎవరి పుణ్యం? ఆగస్టులో కఫీల్ కుటుంబం, అంటే వాళ్ళ పాస్‌పోర్టులు పెట్టుకున్న యజమాని కుటుంబం, సౌదీకి పారిపోతూ తాము పెట్టుకున్న పేరుతో "మర్యం, ఇల్లు జాగ్రత్త" అని తాళాలు ఆమె చేతిలో పడేసి పోయింది. "పాస్‌పోర్టులు యాడ పెట్నారో ఏమో, పోతే పోనీ" అని కారు తుడుచుకుంటూ కూర్చున్నాడు పెంచలయ్య. అతను ఆ ఇంటి డ్రైవరు, ఆమె ఆ ఇంటి పనిమనిషి. ఎనిమిదో నెల కడుపుతో రోకలిబండ పెట్టి బీరువా సొరుగు పగలగొట్టింది ఆమే. ఆ తర్వాతే ఈ ఖైతాన్ గదికి వచ్చారు.

బిడ్డ పేరు జూలైలోనే తేలిపోయింది. ఊరి నుంచి వచ్చిన క్యాసెట్టులో మామ ఒక ప్రార్థన చేసి, రెండుసార్లు దగ్గి, తీర్పు చెప్పేశాడు. "మగబిడ్డ పుడితే నా పేరు పెట్టల్ల. ఇశ్రాయేలు. ఆడబిడ్డయితే మీ ఇష్టం." ఆ చివరి మాట వినిపించినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండేది. పెంచలయ్య మాత్రం ఆ క్యాసెట్టును వెనక్కి తిప్పి తిప్పి వినేవాడు.

ఇశ్రాయేలు అన్న మాటకు ఈ దేశంలో అర్థమేమిటో అతనికంటే ఆమెకే బాగా తెలుసు. అతను నాలుగేళ్ళూ కారులో కూర్చున్నాడు. ఆమె నాలుగేళ్ళూ ఇంటి లోపల ఉంది. రాత్రి భోజనాల వేళ టీవీ వార్తల్లో ఇశ్రాయేలు దేశం పేరు వస్తే ఇంటాయన చేతిలో ముద్ద పళ్ళెంలో పడేసి తిట్లు లంకించుకునేవాడు. ఎంగిలి పళ్ళేలు తీస్తూ ఎన్నిసార్లు వినలేదు! ఇప్పుడు బాగ్దాద్ రేడియో పొద్దస్తమానం తిట్టేదీ ఆ దేశాన్నే. తమ ఊళ్ళో వీధికొక ఇశ్రాయేలు ఉంటాడనీ, ఒకడు ఎద్దుల బండి తోలేవాడు, ఇంకొకడు చర్చిలో గంట కొట్టేవాడు అనీ తుపాకీ పట్టుకున్నవాడికి ఎవరు విడమరచి చెబుతారు?

నిన్న చెప్పి చూసింది. "ఆ పేరు జూస్తే బస్సులోంచి దింపేస్తారయ్యా. మొన్న సబ్హాన్ చెక్‌పోస్టు కాడ కాగితం సరిగా లేదని ఒకాయన్ను తీసకపోయినారు. ఇంతవరకు తిరిగిరాలే."

"మనం హిందీలమని, ఇండియావోళ్ళమని వాళ్ళకు తెల్దా? సంటిబిడ్డ పేరు జూసి ఎవుడేం జేస్తాడు? దేవుని వాక్యంలో పేరది."

"వాక్యంలో ఇంగా శానా పేర్లుండాయి."

"మా నాయన పేరు ఒగటే ఉండాది" అన్నాడు. అంతటితో ఆ మాట అయిపోయిందనుకున్నాడు.

పేర్లు పెట్టించుకోవడం ఆమెకు కొత్త కాదు. పుట్టినప్పుడు వెంకటేశ్వరి. పెళ్ళినాడు "ఆ పేరుతో మా వంటింట్లో కాలు పెట్టగూడదు" అంది అత్త. మామ గ్రంథం తెరిచి మార్త అని పెట్టాడు. తర్వాత చదువుకుంటే తెలిసింది, అందరూ ప్రభువు పాదాల దగ్గర కూర్చుని మాటలు వింటుంటే వంటింట్లో చాకిరీ చేసిన మనిషి మార్త అని. ఏరి కోరి పెట్టాడు మహానుభావుడు. కువైట్ వచ్చాక ఆ పేరు మామాకు, అంటే ఆ ఇంటి యజమానురాలికి, నోరు తిరగలేదు, మర్యం చేసింది. ఏ ఒక్కరూ ఆమెను అడగలేదు.

మగవాళ్ళ పేర్ల లెక్క మాత్రం వేరు. పెంచలయ్య చర్చిలో యాకోబు, కాగితాల్లో పెంచలయ్య. చర్చి పేరు రాయిస్తే కులం సర్టిఫికెట్టు రాదు. మామ ఊళ్ళో ఇశ్రాయేలయ్య. అయినా ప్రభుత్వం ఇచ్చిన రెండెకరాల పట్టాలో ఆయన ఓబులేసు. దాన్ని ఆమె తప్పు పట్టలేదు, కూటి కోసం చేసిన పని. కానీ ఈ ఉదయం ఎందుకో ఆ పట్టా సంగతి ఆమెకు మాటిమాటికీ గుర్తొచ్చింది.

కఫీల్ ఇంట్లో వంటింటి పక్క గదిలో నాలుగేళ్ళు ఆమెకు దొరికిన తెలుగు పుస్తకం బైబిల్ ఒక్కటే. అందులో లేయా తన బిడ్డలకు తనే పేరు పెట్టుకుంది. హన్నా తనే పెట్టుకుంది. రాహేలు కాన్పులో ప్రాణం పోతూ పోతూ పెట్టిన పేరును మాత్రం యాకోబు మార్చేశాడు. రాహేలు చచ్చిపోయింది గనక మార్చగలిగాడు.

వెంకటేశ్వరి చావలేదు. ఇదే గదిలో, చాప మీద, పక్కింటి జుబేదా బీ చేతులు పట్టుకుని పగలంతా నొప్పులు పడి బతికింది. అప్పుడు రొట్టెల వరసలో నిలబడి ఉన్న మొగుడు సాయంత్రం వచ్చి అడిగిన మొదటి మాట "మగబిడ్డేనా?" రెండో మాట "నాయన మాట నిలబడింది." సొమ్మొకడిది, సోకొకడిది.

ఆమె చేతిలోని గుడ్డను పిండకుండానే బకెట్లో వదిలేసింది. తడిచేతులు చీరకు తుడుచుకుని, బిడ్డను ఎత్తుకుని, మొగుడి వెనకే బడికి నడిచింది.

నూర్ బాషా పిల్లల బల్ల మీద కాగితాలు పరుచుకుని ఉన్నాడు. పెంచలయ్య చెప్పిన పేరు విని కలం ఎత్తి పట్టుకున్నాడు.

"ఇదే రాయమంటావా?"

"రాయి. మా నాయన పేరు."

"రాస్తా. బస్రా కాడ అడిగితే చెప్పేదానికి నేనుండను గదప్పా."

"రాయొద్దన్నా" అంది వెంకటేశ్వరి. "యోనా అని రాయి. మీ అరబ్బీలో ఎట్లంటారో అట్ల రాయి."

"యూనుస్" అన్నాడు నూర్ బాషా. "ఆ నబీ, ఆ ప్రవక్త, పోయింది ఇరాక్ దేశానికే."

"మూడు దినాలు చేప కడుపులో ఉండి గట్టున పడినాడు గదా. మేమూ అట్లే పడతాం."

"ఏమ్మే" అని పెంచలయ్య గొంతు పెంచాడు. ఆమె అతని వైపు తిరగలేదు. కలం కదిలేదాకా దాని మీది నుంచి చూపు తీయలేదు.

"తండ్రి పేరు?"

"పెంచలయ్య" అన్నాడు అతను వెంటనే. యాకోబు అనలేదు.

"తల్లి పేరు?"

"మార్త" అన్నాడు.

"వెంకటేశ్వరి" అంది ఆమె. "పాస్‌పోర్టులో అదే ఉండాది. నా పేరు అదే."

నూర్ బాషా రాసి, ఆరడానికి కాగితం మీద ఊది, ఆమె చేతికే ఇచ్చాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది. బయట ఎండలోకి వచ్చాక పెంచలయ్య నిలబడిపోయాడు.

"మా నాయనకు ఏం జెప్పేది?"

"ముందు ఆయప్ప పట్టాలో ఇశ్రాయేలని రాయించుకోమను" అంది వెంకటేశ్వరి. "ఆ తర్వాత నా కొడుకు పేరు మాట్లాడదాం."