వాల్వు మీద నా సంతకం

పోచయ్య శవాన్ని చాపలో చుట్టి విస్కీ ఫ్యాక్టరీ గేటు ముందు దించారు. ముందురోజు ఆవిరి ఒత్తిడికి సరుకు కాచే రాగి బట్టీ తలుపు ఊడి, లోపల మరుగుతున్న సరుకంతా అతని మీద పడింది. ఆస్పత్రిలో ఒక్క పూట బతికాడు.

మేనేజరు అచ్యుతరామయ్య మెట్ల మీద నిలబడి ఒక కాగితం పైకెత్తాడు.

"యూనివర్సిటీ వాళ్లు పరీక్షించి ఇచ్చిన సర్టిఫికెట్ ఇది. సేఫ్టీ వాల్వు నిక్షేపంగా ఉంది. డ్యూటీలో ఉన్న వెంకటేశం దాన్ని తెరుచుకోకుండా తీగతో కట్టేశాడు. ఈ చావుకి వాడే బాధ్యుడు. పోలీసులకి అప్పగించాం."

ఆ కాగితం కింద సంతకం నాది. అవసరమైతే నాలుగు మాటలు చెప్తానని నన్ను తార్నాక క్యాంపస్ నుంచి కంపెనీ జీపులో తీసుకొచ్చారు. కార్మికులు ఎండలో ఉన్నారు. నేను మేనేజరు పక్కన నీడలో ఉన్నాను.

బట్టీలో ఆవిరి మితిమీరితే తనంతట తెరుచుకుని బయటికి వదిలే ఇత్తడి మూతే సేఫ్టీ వాల్వు. ఏటా కంపెనీ గుమాస్తా దాన్ని గోనెపట్టాలో చుట్టి క్యాంపస్‌లో మా లాబుకు తెచ్చేవాడు. నేను గాలి పంపు తగిలించి, ఎంత ఒత్తిడికి తెరుచుకుంటుందో చూసి సంతకం పెట్టేవాణ్ణి. రెండో ఏడు తెచ్చినప్పుడే నాకు తెలిసింది. అంచు మీద అదే నొక్కు, ఒంటి మీద అదే మెరుపు. ఏడాదంతా బట్టీ మీద ఉడికిన ఇత్తడి అలా మెరవదు. పరీక్ష కోసమే అలమరలో దాచిన వాల్వు అది. బట్టీ మీద ఉన్నది వేరే.

నేను అడగలేదు. అప్పటికే నా భార్య రాహేలుకు జబ్బు ముదిరింది. వారానికి రెండుసార్లు కంపెనీ కారు వచ్చి ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లేది. బస్సు కుదుపులకు ఆమె ఏడ్చేది. కారులో నిద్రపోయేది. ఆ నిద్ర కోసం రెండో ఏడూ, మూడో ఏడూ సంతకం పెట్టాను. ఆమె పోయాక నాలుగో ఏడూ పెట్టాను. దానికి ఏ సాకూ లేదు.

మూడోనాడు కార్మికులు క్యాంపస్‌కు నడిచి వచ్చారు. లాబు ముందు చెట్ల కింద విద్యార్థులు మీటింగు పెట్టారు. నడిపింది నా శిష్యుడు పార్థసారథి. అందరి ముందూ నన్నే అడిగాడు.

"వాల్వు మంచిదైతే బట్టీ ఎట్లా పేలింది సార్?"

నేను నోరు తెరవకముందే బాయిలరు దగ్గర పనిచేసే లచ్చయ్య అందుకున్నాడు. "సారునేమడుగుతవ్ బిడ్డా? సారు మా బట్టీ మొఖం ఎన్నడన్న చూసిండా? గీడ కూసోని గాడి సంగతి రాసిండు. దూరంకెల్లి సూశే కండ్లు!"

జనం నవ్వారు. వెనక నుంచి ఒక విద్యార్థి అరిచాడు: "మరి తీగ కట్టింది మీవాడే కదా?"

నవ్వు ఆగిపోయింది. లచ్చయ్య తువాలుతో మొహం తుడుచుకున్నాడు.

"కట్టినం. వెంకటేశమొక్కడే కాదు, అందరం కట్టినం. పాత వాల్వు, జర ఆవిరికే ఊకె లేస్తది. లేస్తే సరుకు పోయిందని ఆ షిఫ్టోన్ని నాలుగు దినాలు పనిలకు రానియ్యరు. గందుకే డ్యూటీ ఎక్కంగనే తలా ఒక చుట్టు బిగిస్తుంటిమి. పోచయ్య గూడ బిగించిండు. చెప్పనీకె శరమైతున్నది."

పోచయ్య భార్య భూదేవి లాబు మెట్ల మీద కూర్చుని నన్నే చూస్తోంది. "మావోళ్లే కట్టిన్రని తేలింది గదా సారూ. నువ్వు బతికిపోయినవ్. ఇంక తలెందుకు దించినవ్?"

అప్పుడు చెప్పాను. నొక్కు సంగతి, మెరుపు సంగతి, కారు సంగతి. ఏదీ దాచలేదు.

"కారు కోసమా సార్?" అన్నాడు పార్థసారథి. అంతకంటే పెద్ద తిట్టు ఏదైనా తిట్టి ఉంటే బాగుండుననిపించింది. ఎవడో "ద్రోహి" అన్నాడు. ఆ మాట నాకు సరిగ్గా సరిపోయింది.

భూదేవి అడిగింది. "కారుల ఆమె మంచిగ నిద్రపోయేదా?"

"పోయేదమ్మా."

"పోనీ, ఆమెకన్న సుకమైంది." కొంగు బిగించుకుని లేచింది. "గిప్పుడు గీ మాట పోలీసోల్లకు చెప్పు."

కార్మికుల్లో వాదన మొదలైంది. "అందరం కట్టినమంటే అందర్ని లోపలేస్తరు. ఇండ్లెట్ల గడవాలె?" అన్నాడొకడు.

"ఒక్కన్ని లోపలేసినంక సప్పుడు చెయ్యకపోతే రేపు నిన్నేస్తరు. కట్టినమని అందరం చెప్దాం," అన్నాడు లచ్చయ్య. "వాల్వు మార్చేదాంక ఆవిరి పెట్టం. బాయిలరు కాడ ఉండేటోన్ని నేను. నేనే చెప్తున్న."

చేతులు లేచాయి. కార్మికులవి ముందు, తర్వాత విద్యార్థులవి.

మర్నాడు పొద్దున అడిక్‌మెట్ లాడ్జీల నుంచి, హాస్టళ్ల నుంచి వచ్చిన విద్యార్థులు తార్నాక చౌరస్తాలో కార్మికులతో కలిశారు. అందరం ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చున్నాం. పోలీసు వ్యాను వచ్చింది. ప్రతి షిఫ్టు నుంచీ ఒకరు లేచి, వాల్వుకు తీగ చుట్టింది మేమేనని, ఎందుకు చుట్టామో, ఎవరికి భయపడి చుట్టామో చెప్పారు. తర్వాత నేను లేచి, నాలుగు సర్టిఫికెట్లూ అబద్ధమని రాసిన కాగితం ఎస్సై చేతికిచ్చాను.

ఆయన చదివి, గొంతు తగ్గించాడు. "మీరు చదువుకున్నోళ్లు. పొరపాటు జరిగిందని రాసి ఇంటికెళ్లండి."

"పొరపాటు కాదు. మొదటిది తప్ప మూడూ తెలిసే పెట్టాను."

లచ్చయ్యతో పాటు తొమ్మిదిమందిని ఎక్కించారు. నేను వెనకాలే నడిచాను. వ్యానులో చోటు లేదన్నాడు కానిస్టేబులు.

లోపల లచ్చయ్య పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. "జరుగురా. సారు కూసుంటడు."

వాళ్లు జరిగారు. అరచేతి వెడల్పంత బల్ల ఖాళీ అయింది. అంత చోటుకైనా నాకు అర్హత ఉందా అనుకుంటూనే కూర్చున్నాను. తలెత్తి ఎవరినీ చూడలేకపోయాను.

ఫ్యాక్టరీ సైరన్ మోగితే వ్యాను కిటికీలోంచి చూశాను. రెండో షిఫ్టు వచ్చింది. "లోపలికి రండి, ఆలస్యమైతే సస్పెండే!" అని అచ్యుతరామయ్య గేటు దగ్గర అరుస్తున్నాడు. భూదేవి అతనికి ఎదురుగా నిలబడింది.

"పాత వాల్వు దించి గీడ పెట్టు. కొత్తది మా కండ్ల ముందట బిగించు. గప్పుడు ఆవిరి."

రెండో షిఫ్టువాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సద్దిమూటలు నేలమీద పెట్టి, ఆమె వెనక కూర్చున్నారు. వ్యాను కదిలేసరికి గేటు లోపల మేనేజరు ఒక్కడే ఉన్నాడు.